చింతలనార్‌కూ కీవ్‌కూ ఒకే కొలత

యుద్ధం వచ్చినప్పుడు ధమ్మమార్గంలో నడవాలనుకునే వారికి ఒక సందేహం తప్పదు. దాడికి గురైన వారి పక్షాన బహిరంగంగా నిలబడవచ్చునా? నిలబడితే ఎదుటివారి మీద ద్వేషం పెంచినట్టు కాదా? 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి వచ్చినప్పటి నుంచి ఈ సందేహం మనలో చాలామందిని వదలడం లేదు. దానికి తోడు ఇంకో అభ్యంతరం: పక్కనున్న బస్తర్ గురించి నోరు మెదపని వారికి, వేల మైళ్ల అవతలి కీవ్ గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది? రెండూ అడగవలసిన ప్రశ్నలే.

కోసల రాజు విడూడభుడు శాక్యుల మీదికి దండెత్తిన కథ ధమ్మపద అట్ఠకథలో ఉంది. తథాగతుడు సరిహద్దుకు వెళ్లి, కపిలవస్తు వైపున్న పలుచని నీడ గల చెట్టు కింద కూర్చున్నాడు. అవతల విడూడభుని రాజ్యంలో దట్టమైన మర్రి ఉంది. అక్కడికి రమ్మని రాజు వేడుకుంటే, తన బంధువుల నీడే తనకు చల్లన అన్న అర్థంలో బదులిచ్చాడు. రాజు సేనతో వెనుదిరిగాడు. ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి ఆయన వెళ్లలేదు. శాక్యులు ఊచకోతకు గురయ్యారు.

తథాగతుడు ఆయుధం పట్టలేదు, రాజును శపించలేదు. అయినా ఎటువైపు కూర్చోవాలో మాత్రం ఎంచుకున్నాడు. శాక్యులు మచ్చలేనివారేమీ కారు. వారి కులగర్వమే, విడూడభునికి వారు చేసిన అవమానమే ఆ పగకు మూలం. అది తెలిసీ ఆయన వారి వైపే కూర్చున్నాడు. దాడికి గురైనవారికి తోడు నిలవడానికి ముందు వారు నిష్కళంకులని రుజువు అడగనక్కరలేదని మనం గ్రహించాలి.

బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో బ్రహ్మవిహారాలు ఒక్కోదానికి ఒక సమీప శత్రువును చెప్పాడు. ఉపేక్షకు సమీప శత్రువు అజ్ఞానంతో కూడిన పట్టనితనం. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఉపేక్ష అంతా చూసి చలించకుండా నిలుస్తుంది. పట్టనితనం అసలు చూడదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా దాడికి వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాన్ని 141 దేశాలు బలపరిచాయి, 5 వ్యతిరేకించాయి, భారత్ సహా 35 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ప్రభుత్వాల లెక్కలు ప్రభుత్వాలకు ఉంటాయి. ప్రజల మనస్సాక్షి వాటికి కట్టుబడనవసరం లేదు. పైగా అక్కడ వైద్యం చదువుతున్న తెలుగు పిల్లలెందరో పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు దాటి, ఆపరేషన్ గంగ విమానాల్లో ఇల్లు చేరారు. ఆ నేల మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఇక రెండో ప్రశ్న. చింతలనార్ సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ వెళ్లే దారిలో ఉంది. 'నార్' అంటే గోండిలో ఊరు. 2010 ఏప్రిల్ 6న ఆ ఊరి దాపున, తాడిమెట్ల వద్ద, మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి ఏడు మార్చిలో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడిమెట్ల గ్రామాల్లో రెండు వందలకు పైగా ఆదివాసీ ఇళ్లు కాలి బూడిదయ్యాయి. సాయం తీసుకుని బయలుదేరిన స్వామి అగ్నివేశ్ బృందం మీద దోర్నపాల్ దగ్గర దాడి జరిగింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, తుపాకులిచ్చి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఇళ్ల దహనంపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది.

తాడిమెట్ల కాలింది మార్చి 16న. పదకొండేళ్ల తర్వాత అదే తేదీన మరియుపోల్ నాటకశాల మీద బాంబు పడింది. లోపల తలదాచుకున్నది సాధారణ జనం. బయట నేల మీద 'పిల్లలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

రెండు యుద్ధాలూ ఒకటేనని మేము అనడం లేదు. అక్కడ ఒక దేశం మరో దేశాన్ని ఆక్రమించబోయింది. ఇక్కడ రాజ్యానికీ సాయుధ తిరుగుబాటుకూ మధ్య ఊళ్లు నలిగాయి. కారణాలు వేరు, బాధ్యులు వేరు. ఇల్లు కాలిన తల్లి దుఃఖాన్ని కొలిచే కొలత మాత్రం వేరు కాకూడదు. బస్తర్‌ను చూపి ఉక్రెయిన్ ఊసెత్తనివ్వకపోవడం, ఉక్రెయిన్‌ను చూపి బస్తర్‌ను మరవడం ఒకే తప్పుకు రెండు ముఖాలు. ఆ 76 మంది ఇళ్లలోని శోకం కూడా ఈ కొలతలోకే రావాలి. రాకపోతే మన కరుణ వట్టి పక్షపాతంగా మిగులుతుంది.

కొలత ఒకటేనని చేతల్లో కనబడాలి. 2022 మార్చి 4న యూరోపియన్ యూనియన్ 2001 నాటి తాత్కాలిక రక్షణ చట్టాన్ని మొదటిసారి అమల్లోకి తెచ్చింది. ఉక్రెయిన్ నుంచి వచ్చినవారికి నివాసం, పని, పిల్లలకు బడి హక్కుగా దక్కాయి. మంచి పని. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి వేలాది ఆదివాసీలు ప్రాణాలు అరచేత పట్టుకుని నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు వచ్చారు. మనం వారిని గుత్తికోయలంటాం. వారు దాటింది రాష్ట్ర సరిహద్దే, దేశ సరిహద్దు కాదు. అయినా అటవీ భూమిలో వారు ఆక్రమణదారులే అయ్యారు. గుడిసెలు కూల్చిన సందర్భాలున్నాయి. కుల ధ్రువపత్రానికి ఏళ్ల తరబడి ఎదురుచూపులున్నాయి. మన మిర్చి చేలల్లో కాయ కోసే చేతులు వారివే.

ఉక్రెయిన్ వారికి దక్కింది ఎక్కువని అనడం మా ఉద్దేశం కాదు. అదే కొలత గోదావరి మన్యానికీ రావాలని అడుగుతున్నాం. సంఘీభావ సభలో కొవ్వొత్తి వెలిగించే ముందు, మన మండలంలో గుత్తికోయ గూడెం ఎక్కడుందో, అక్కడి పిల్లలు బడికి పోతున్నారో లేదో కనుక్కుందాం. కనుక్కున్నాక కొవ్వొత్తీ వెలిగిద్దాం, కీవ్ పేరు చెప్పే వెలిగిద్దాం.