పనిలేనివాని దినము



మాసూళ్లు ముగిసి పొలములో పని నిలిచిపోయిన దినములలో నీవు అరుగుమీద కూర్చుండి ప్రొద్దు ఎప్పుడు క్రుంకునా యని చూచియుందువు. లేక చదువు ముగించి, దరఖాస్తులు పంపి, పిలుపు ఎప్పుడు వచ్చునా యని కనిపెట్టుచుందువు. ఇంటివారి మాట ముల్లువలె గుచ్చుకొనును. ఆదివారమున గుడికి వచ్చినను వెనుకవరుసలో కూర్చుండి, కానుకసంచి దగ్గరకు వచ్చునప్పటికి తల వంచుకొందువు.

ఇట్టివానికి మనము తరచుగా అప్పగించు మాట యొకటి కలదు. పని చేయనివాడు తినకూడదని పౌలు వ్రాసెను గదా యందుము. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయము తెరచి చూడుము. అపొస్తలుడు గద్దించినది పని చేయనొల్లనివానిని. పని దొరకనివానిని గూర్చి ఆయన అక్కడ ఏమియు అనలేదు. ఒల్లకపోవుట వేరు, దొరకకపోవుట వేరు. ఆ యొక్క మాటను విడిచి చదివి, ఎందరు సహోదరుల మనస్సులను గాయపరచితిమో!

మన ప్రభువు ఈ భేదమును ఎరిగినవాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు తెల్లవారినది మొదలు అయిదుమారులు కూలివారిని వెదకుచు వెళ్లెను. ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట ముందుగా వెళ్లినప్పుడును కొందరు అక్కడ నిలిచియుండిరి. ఏల ఊరక యున్నారని అడుగగా, తమ్మును ఎవరును కూలికి పిలువలేదని చెప్పిరి. ఆయన వారిని సోమరులని తిట్టలేదు. వారి మాట నమ్మి తోటలోనికి పంపెను. చీకటి పడినప్పుడు దినమంతటి కూలి యిచ్చెను. ఒక గంట పనిచేసినవాని పిల్లల ఆకలి ఒక గంట ఆకలి కాదు గదా!

అయితే ఇంకొక సంగతి గమనింపుము. ఆ మనుష్యులు సాయంకాలమున యజమానునికి కనబడిరి. ఉదయమున పిలుపు రాలేదని కల్లు దుకాణమునకో పేకాటకో పోయియుండినయెడల, పిలుపు వచ్చిన వేళ వారు దొరకకపోదురు. పని లేకపోవుట నీ పాపము కాదు. అయినను పనిలేని దినము కూడ దేవుడిచ్చిన దినమే. దానిని గూర్చియు లెక్క చెప్పవలసియున్నది.

'యాత్రికుని ప్రయాణము' వ్రాసిన జాన్ బన్యనును తలంచుము. అతడు ఇంగ్లాండు దేశములో పాత్రలకు మాట్లు వేసి జీవించిన పేదవాడు. ప్రభుత్వ సంఘమునకు వెలుపల కూటములు జరిపి ప్రసంగించెనని 1660లో అతనిని బెడ్‌ఫోర్డు చెరసాలలో వేసిరి. సుమారు 12 సంవత్సరములు అక్కడనే యుండెను. వృత్తి పోయెను. ఇంటివద్ద భార్యయు నలుగురు పిల్లలును ఉండిరి. పెద్ద కుమార్తె గ్రుడ్డిది. అతడు చెరలో కూర్చుండి పాదరక్షల తాళ్లకు లోహపు కొనలు తొడిగి, అవి అమ్మగా వచ్చిన పైకముతో ఇంటివారిని పోషించెను. తోటి ఖైదీలకు వాక్యము చెప్పెను. మిగిలిన వేళలలో వ్రాసెను. తన జీవితమును గూర్చిన పుస్తకము 1666లో, తాను చెరలో నుండగానే అచ్చయ్యెను. 'యాత్రికుని ప్రయాణము' 1678లో వెలువడెను. తాళ్ల పని అల్పమైనదని అతడు సిగ్గుపడలేదు. వ్రాతపనికి కూలి లేదని మానలేదు.

మరి నీవేమి చేయగలవు? పని యున్ననాడు లేచు వేళకే లేవుము. ఒక అధ్యాయము చదివి ప్రార్థించి, ఆ దినమున చేయవలసినది నిర్ణయించుకొనుము. పని వెదకుటకు కొంత వేళ కేటాయించుము. కారుచున్న కప్పును సవరించుము. పని తెలిసినవాని యొద్ద కూర్చుండి కుట్టుపనియో మోటారు బాగుచేయుటయో నేర్చుకొనుము. చదువుకొన్నవాడవైతే సాయంకాలమున గుడి వసారాలో పిల్లలకు లెక్కలు చెప్పుము. చూపు తగ్గిన అవ్వకు వాక్యము చదివి వినిపింపుము. వీటిలో చాలవాటికి కూలి రాదు. అయినను చేతులు పని మరువకుండ, మనస్సు చేదుగాకుండ ఇవి నిన్ను కాపాడును.

వీటివలన కడుపు నిండునని నేను చెప్పను. అందుచేత పని గల చదువరీ, నీతోను ఒక మాట. ఆ యజమానుడు కూలివారు తన గుమ్మమునకు వచ్చువరకు ఆగలేదు, తానే వెళ్లెను. నీ దొడ్డికి కంచె వేయించవలెనా? గోడ కట్టించవలెనా? వెనుకవరుసలో కూర్చున్నవానిని పిలువుము. మన సంఘపువాడే గదా యని ఉచితముగా చేయించుకొనకుము. న్యాయమైన కూలి ఆ సాయంకాలమే అతని చేతిలో పెట్టుము.

పనిలేని సహోదరుడా, ప్రొద్దు వాలెనని ధైర్యము విడువకుము. ఆ తోట యజమానుడు చివరి గంటలోను వచ్చెను. ఆయన వచ్చునప్పుడు నీ దీపము వెలుగుచు, నీ చేతులు సిద్ధముగా నుండును గాక. ఆమేన్.