త్రాసునకు పక్షపాతమున్నదా?

తూచువాని చేయి వణకకున్నను త్రాసులోనే దోషమున్నచో ఆ తూనిక ధర్మమగునా యను ప్రశ్న అంగడికే పరిమితము కాదు. బాలుని బుద్ధిని కొలువ బూనిన పాఠశాలా మనశ్శాస్త్రజ్ఞునికిని అది తప్పనిది. 1905లో పారిస్ నగరమున తొలి పరీక్షను కూర్చిన ఆల్ఫ్రెడ్ బినే, చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి సాయపడ దలచెనే గాని, వారి నుదుట చెరగని గీత గీయ దలచలేదు.

గీత మాత్రము పడినది. ఐ.క్యూ. పరీక్షలో అంకెలు తక్కువ వచ్చినవని మందబుద్ధుల తరగతులకు పంపబడిన శాన్ ఫ్రాన్సిస్కో నల్లజాతి పిల్లల పక్షమున 1971లో వ్యాజ్యము నడచెను. నల్లజాతి మనశ్శాస్త్రజ్ఞులు ఆ పిల్లలనే చేరదీసి, బెరుకు తీర్చి, ప్రశ్నలను వారికి పరిచితమైన నుడికారమున నడిగి మరల పరీక్షింపగా, అందఱును 75 అను హద్దును దాటిరి. నాలుగు వాక్యముల చనువు ఇంత పని చేసినచో, మొదట కొలిచినది దేనిని? 'అందఱికి నొకే ప్రశ్న వేసితిని' అను పరీక్షకుని సమర్థనము నాకు ధర్మముగా తోచదు. ఒకే కొలత చొక్కాను ఊరందఱికి తొడిగించిన దర్జీయు నట్లే యనవచ్చును.

1979లో న్యాయమూర్తి రాబర్ట్ పెక్హామ్ కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లలను అట్టి తరగతులకు పంపుటకై ఆ పరీక్షలను వాడరాదనెను. మరుసటి యేడే షికాగోలో వేఱొక న్యాయమూర్తి, ప్రశ్నలనన్నింటిని తానే చదివిచూచి, వానిలో పక్షపాతము స్వల్పమేయని తేల్చెను. న్యాయపీఠములకే కుదరని ఆ సంగతిని, ఎదుట కూర్చున్న పిల్లవాని పేరు ప్రక్కన అంకె వేయవలసినవాడు ఆ పూటకే తేల్చుకొనవలసియున్నది.