ఒడి దక్కని బాలుడు



శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమున ధ్రువోపాఖ్యానము కలదు. తండ్రి ఉత్తానపాదుని తొడపై సోదరుడు ఉత్తముడు కూర్చుండగా, అయిదేండ్ల ధ్రువుడును ఎక్కగోరెను. సవతితల్లి సురుచి నిష్ఠురములాడెను, తండ్రి మిన్నకుండెను. ఏడ్చుచు వచ్చిన బిడ్డను సునీతి కసరలేదు. ఎవ్వరికిని కీడు తలపవలదని చెప్పి, శ్రీహరిని శరణు వేడుమనెను.

మన యిండ్లలో సురుచి లేదు. అయినను క్రొత్త శిశువు పుట్టినపుడు పెద్దబిడ్డకు అమ్మ ఒడి దూరమగును. తానుగా అన్నము తిన్నవాడు తినిపింపుమనును, పక్క తడుపును, చంటిబిడ్డను గిల్లును. అది దుర్గుణము కాదు. పోయిన ఒడిని వెదకుకొనుట. "పెద్దవాడవు, సిగ్గులేదా?" అనుట సురుచి మాటకు తీసిపోదు. చూచియు మిన్నకుండుట ఉత్తానపాదుని తప్పు. గిల్లిన చేతిని ఆపవలెను. బిడ్డను దరికి తీసికొనవలెను.

శిశువు పుట్టకమునుపే పెద్దబిడ్డకు తెలుపుడు. బారసాలనాడు ఉయ్యాలను మొదట వానిచేత ఊపింపుడు. చూడవచ్చిన బంధువులు ముందు వానిని పలుకరింపవలెను. దినమునకు పావుగంటయైనను తల్లిగాని తండ్రిగాని వానికొక్కనికే ఒడి నీయవలెను.

తరువాతి కథ మరువరాదు. వేటకేగిన ఉత్తముని యక్షుడు చంపగా, తట్టుకొనలేక యుద్ధమునకు వెడలినవాడు ఆ ధ్రువుడే. ఆదరింపబడిన మనస్సున అసూయ నిలువదు.

మారిషస్ చెరకుతోటలకు వచ్చిన మన పెద్దలు నిలిపిన రామభజనమున, దీపము చుట్టు అందరము ఒకే వలయముగా తిరుగుదుము. క్రొత్తవాడు చేరినచో వలయము పెద్దదగును. ఎవ్వరిని వెలికి నెట్టము. మన యిండ్లును అట్లే యుండునట్లు శ్రీరామచంద్రుడు అనుగ్రహించుగాక!