పొట్ట వ్యాయామం: సాధనమా, సాధ్యమా?

పొట్ట కండరాలను గట్టిపరిచే వ్యాయామాలకు కొదవ లేదు. జిమ్‌లో క్రంచెస్, సిట్-అప్స్, ప్లాంక్ చేయిస్తారు. యోగశాలలో నావాసనం, మయూరాసనం, ఉడ్డియాన బంధం నేర్పుతారు. పాత తాలింఖానాల్లో దండేలు, బస్కీలు తీయించేవారు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది పైకి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలాగే ఉంటుంది. అయితే దేన్నైనా ఎంచుకోవాలంటే ముందు అది ఎందుకో తెలియాలి. పొట్ట బలపడవలసింది చూసేవాళ్ల కోసమా, చేసే పని కోసమా, మనసు నిలకడ కోసమా? ఈ మాట తేలాలంటే దేహానికీ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటన్నది తేలాలి. భారతీయ దర్శనాలు ఈ విషయాన్ని శతాబ్దాల పాటు చర్చించాయి. దేహాన్ని హింసించకూడదు, అలాగని దేహమే సర్వస్వమని భ్రమపడకూడదు, దాన్ని సాధనంగా ఎంచి శ్రద్ధగా చూసుకోవాలి అన్నది ఆ చర్చలో నిలిచిన దృష్టి. వ్యాయామాలను ఎంచుకోవడానికి కూడా ఇదే సరైన కొలమానం. శరీరశాస్త్రం చెప్పే విషయాలతో దీనికి పేచీ లేదు.

నీటిలో కనిపించేది ఎవరు?

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఇంద్రుడు, విరోచనుడు ఆత్మ గురించి తెలుసుకోవాలని ప్రజాపతి దగ్గరకు వెళ్తారు. ముప్ఫై రెండేళ్లు బ్రహ్మచర్యం పాటించాక ప్రజాపతి వాళ్లను నీళ్ల పాత్రలో చూసుకోమంటాడు. గోళ్లు, వెంట్రుకలతో సహా తమ రూపం కనిపిస్తుంది. చక్కగా అలంకరించుకుని మళ్లీ చూడమంటాడు. అలంకరించుకున్న రూపమే కనిపిస్తుంది. విరోచనుడు తృప్తిగా వెళ్లిపోయి, ఈ దేహమే ఆత్మ, దీన్నే పూజించాలి, దీన్నే పోషించాలి అని అసురులకు బోధిస్తాడు. ఇంద్రుడికి మాత్రం దారి మధ్యలో సందేహం వస్తుంది. దేహం గుడ్డిదైతే నీడా గుడ్డిదే, దేహం నశిస్తే నీడా నశిస్తుంది, మరి ఇందులో మేలేముంది అనుకుని వెనక్కి వస్తాడు. అలా మొత్తం నూటొక్క ఏళ్లు గురువు దగ్గర గడిపాక అతనికి అసలు బోధ అందుతుంది.

ఉపనిషత్తు అలంకరణను తప్పుపట్టలేదు. కనిపించే రూపం దగ్గరే ఆగిపోవడాన్ని తప్పుపట్టింది. అద్దంలో పొట్ట ఎలా ఉందన్నదే ఏకైక కొలత అయినప్పుడు వ్యాయామం విరోచనుడి దారి పడుతుంది. ఆ దారిలో తృప్తికి ఆస్కారం తక్కువ. వయసు, ప్రసవం, జబ్బు, ఒక్కోసారి కాస్త ఎక్కువ భోజనం కూడా ఆ రూపాన్ని మార్చేస్తాయి. మారిపోయేదాని మీద విలువంతా పెట్టుకున్నవాడికి మార్పు వచ్చిన ప్రతిసారీ ఓడిపోయినట్టే ఉంటుంది.

దేహాన్ని శిక్షించడం

దీనికి ఎదురు కొసన ఉన్నది దేహాన్ని శత్రువుగా చూసే దృష్టి. సిద్ధార్థుడు జ్ఞానోదయానికి ముందు తీవ్రంగా ఉపవాసాలు చేశాడు. ఆ రోజుల్లో తన పొట్టను తాకితే వెన్నెముక చేతికి తగిలేదని ఆయన చెప్పినట్టు పాలి గ్రంథమైన మహాసచ్చక సుత్తంలో ఉంది. పొట్ట అంతకంటే లోపలికి పోవడం సాధ్యం కాదు. అయినా ఆ స్థితిలో ఆయనకు జ్ఞానం దక్కలేదు. ఒంట్లో సత్తువ లేకుండా ధ్యాన సుఖం అందదని గ్రహించి మళ్లీ అన్నం తిన్నాడు. అది చూసి వెంట ఉన్న ఐదుగురు సహచరులు ఆయన్ను విడిచి వెళ్లారు. తర్వాత ఆ ఐదుగురికే ఆయన మొదటగా మధ్యమ మార్గం బోధించాడు.

భగవద్గీతదీ ఇదే ధోరణి. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని ఆరో అధ్యాయం చెబుతుంది. దంభంతో, అహంకారంతో దేహాన్ని పీడించే తపస్సును పదిహేడో అధ్యాయం ఆసుర స్వభావంగా లెక్కగడుతుంది. అలా చేసేవాళ్లు లోపల ఉన్న దైవాన్ని కూడా బాధిస్తున్నారని హెచ్చరిస్తుంది. పదిహేనో అధ్యాయంలో భగవంతుడు ప్రాణుల కడుపులో వైశ్వానరాగ్నిగా ఉండి ఆహారాన్ని జీర్ణం చేస్తున్నట్టు చెప్పాడు. అంటే కడుపు ఈశ్వరుడు పనిచేసే చోటు. కొన్ని వారాల్లో పొట్ట తగ్గాలని తిండి మానేసి, నొప్పిని లెక్కచేయకుండా వందల కొద్దీ సిట్-అప్స్ తీయడం ఈ దృష్టికి పొసగదు.

పొట్టను చూసి నవ్వినవాడి కథ

పలచని పొట్ట పుణ్యానికి గుర్తు, బొజ్జ పాపానికి గుర్తు అనే భావానికి మత సంప్రదాయంలో ఆధారం లేదు. ప్రతి కార్యానికీ ముందు పూజలందుకునే దేవుడే లంబోదరుడు. వినాయక చవితి నాడు తెలుగిళ్లలో చదివే వ్రతకథలో కుడుములు, ఉండ్రాళ్లు ఆరగించిన విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు దండం పెట్టబోతాడు. కడుపు అడ్డొచ్చి వంగలేక అవస్థ పడుతుంటే శివుడి తల మీద ఉన్న చంద్రుడు పకపకా నవ్వుతాడు. చంద్రుడి చూపు తగిలి విఘ్నేశ్వరుడి ఉదరం పగులుతుంది. పార్వతి చంద్రుణ్ని శపిస్తుంది. ఈ కథలో శిక్ష పడింది తిన్నవాడికి కాదు, నవ్వినవాడికి. ఇతరుల దేహాన్ని చూసి హేళన చేయడం ఎంత గాయం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే సూటి కథ అక్కర్లేదు. వ్యాయామశాలలోనైనా, పెళ్లి పందిట్లోనైనా ఈ నీతి గుర్తుండాలి. సిగ్గుపడి మొదలుపెట్టిన సాధన సిగ్గును పెంచుతుందే తప్ప బలాన్ని పెంచదు.

హఠయోగం చెప్పిన మాట

ఉదరం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టిన సంప్రదాయం హఠయోగం. పదిహేనో శతాబ్దికి చెందిన స్వాత్మారాముడి హఠప్రదీపిక ఉడ్డియాన బంధాన్ని, నౌలి క్రియను, మయూరాసనాన్ని వివరిస్తుంది. ఘేరండ సంహిత దేహాన్ని పచ్చి కుండతో పోల్చి, యోగాగ్నిలో కాల్చితేనే అది నిలుస్తుందని అంటుంది. ఈ గ్రంథాలు దేహాన్ని తక్కువ చేయలేదు. అయినా వాటికి దేహం గమ్యం కాదు.

హఠప్రదీపికలో సాధన ఫలించినప్పుడు కనిపించే లక్షణాల పట్టిక ఒకటి ఉంది. దేహం సన్నబడడం, ముఖంలో ప్రసన్నత, స్వరంలో స్పష్టత, కళ్లలో నిర్మలత్వం, ఆరోగ్యం, జఠరాగ్ని వెలగడం, నాడులు శుద్ధి కావడం అందులో ఉన్నాయి. సన్నబడడం వీటిలో ఒకటి మాత్రమే, అదీ ఫలితాల వరసలోనే ఉంది. మేదస్సు, శ్లేష్మం ఎక్కువగా ఉన్నవాళ్లే ముందుగా షట్కర్మలనే శుద్ధిక్రియలు చేయాలనీ, మిగతావాళ్లకు అవి అవసరం లేదనీ ఆ గ్రంథమే చెబుతుంది. అందరికీ ఒకే వ్యాయామం పనికిరాదన్న ఇంగితం అప్పటికే ఉంది.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనానికి పెట్టిన లక్షణాలు రెండు: స్థిరత్వం, సుఖం. మూడో పాదంలో ఆయన కాయసంపదను కూడా ప్రస్తావించాడు. రూపం, లావణ్యం, బలం, వజ్రంలాంటి దృఢత్వం అందులో చేరతాయి. కాబట్టి అందాన్ని యోగం నిషేధించలేదు. అయితే యోగంలో కలిగే సిద్ధులు సమాధికి అడ్డంకులు కాగలవని అదే పాదం హెచ్చరిస్తుంది. దారిలో దొరికినదాన్ని స్వీకరించవచ్చు, దాని దగ్గరే కూలబడిపోకూడదు.

ఉడ్డియానం లోపలి పని

ఉడ్డియాన బంధం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే ఈ ఆలోచనకు రూపం వస్తుంది. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, అరచేతులు తొడల మీద ఆనించి నిలబడతారు. ఊపిరి పూర్తిగా వదిలేస్తారు. గొంతు మూసుకుని, గాలి లోపలికి రానివ్వకుండానే పీల్చుతున్నట్టు పక్కటెముకలను విప్పారుస్తారు. డయాఫ్రం పైకి లేస్తుంది. పొట్ట గోడ దానంతటదే పక్కటెముకల కిందికి పోయి గుంట పడుతుంది. ఇక్కడ పొట్టను బిగించకూడదు, వదులుగా వదిలేయాలి. బిగిస్తే గుంట పడదు. బలవంతంతో సాధించలేనిది సడలింపుతో సాధ్యమవుతుందని సాధకుడికి ఒంటితోనే తెలుస్తుంది. నౌలిలో దీని మీద ఇంకో మెట్టు ఉంది. మధ్యలోని నిలువు కండరాలను మాత్రమే బిగించి ముందుకు తెచ్చి, ఆ తర్వాత కుడికీ ఎడమకూ తిప్పుతారు.

1924లో లోణావలాలో కైవల్యధామను స్థాపించిన స్వామి కువలయానంద ఈ రెండింటినీ ఎక్స్‌రేతో, పీడనం కొలిచే పరికరాలతో పరీక్షించారు. నౌలి చేసేటప్పుడు పెద్దపేగులో పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గుతుందని నమోదు చేశారు. శ్వాసకూ ఉదరానికీ ఉన్న బంధాన్ని తెలుగు నేల ఇంకో రూపంలో చూసింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి పూరించి తెంపేవారు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. ఆ బలం పైకి కనిపించే కండలో మాత్రమే లేదు. ఊపిరితో మొండెమంతా ఒక్కటిగా గట్టిపడడంలో ఉంది.

శరీరశాస్త్రం చెప్పేది

ఉదరం చుట్టూ కండరాలు పొరలు పొరలుగా ఉంటాయి. ముందు భాగంలో నిలువుగా సాగేది రెక్టస్ అబ్డామినిస్. పక్కల ఏటవాలుగా ఆబ్లిక్స్ ఉంటాయి. అన్నిటికంటే లోపల అడ్డంగా చుట్టుకున్నది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. పైన డయాఫ్రం, కింద కటి కండరాలు, వెనక వెన్నుపూసలను పట్టి ఉంచే చిన్న కండరాలు కలిస్తే కోర్ అవుతుంది. రోజువారీ జీవితంలో వీటి ముఖ్యమైన పని నడుమును పదేపదే వంచడం కాదు, బరువు పడినప్పుడు వెన్ను అనవసరంగా వంగకుండా, మెలితిరగకుండా కాపాడడం. నీళ్ల బిందెను ఒక చంకన పెట్టుకుని నడిచే మనిషి పక్కకు ఒరిగిపోకుండా నిటారుగా ఉండగలగడం ఈ కండరాల పనే. స్థిరత్వాన్ని మొదటి లక్షణంగా పెట్టిన పతంజలి మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందన్నది అపోహ. శరీరం కొవ్వును మొత్తం నిల్వల నుంచి వాడుకుంటుంది. ఎక్కడ ముందు తగ్గాలో వంశం, హార్మోన్లు, వయసు తేలుస్తాయి. సిక్స్ ప్యాక్‌లో కనిపించే గడుల సంఖ్య, అమరిక కూడా పుట్టుకతో వచ్చినవే. అలాగని నడుం కొలతను పూర్తిగా పక్కన పెట్టడం మంచిది కాదు. లోపలి అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు మధుమేహానికి, గుండె జబ్బుకు దారి తీస్తుంది. దక్షిణాసియా వాళ్లలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. ఈ కొలత అందం గురించి కాదు, ఆయుష్షు గురించి.

ఎంపిక

సంప్రదాయం, శరీరశాస్త్రం ఇచ్చిన రెండు దృష్టులనూ కలిపితే వ్యాయామాన్ని ఎంచుకోవడానికి మూడు పరీక్షలు దొరుకుతాయి. ఊపిరి ఆపి చేసే ఉడ్డియానం, నౌలి తప్ప మిగతావాటిలో చేస్తున్నంతసేపూ శ్వాస నడుస్తోందా? వెన్ను నిలకడగా ఉందా? చేశాక దేహం, మనసు తేలికపడ్డాయా? మూడింటికీ అవునన్న జవాబు వచ్చే వ్యాయామమే ఆ మనిషికి తగినది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పైకి మడిచి, ఒక చేతినీ దానికి ఎదురు కాలినీ నెమ్మదిగా చాపుతూ నడుము నేల నుంచి లేవకుండా చూసుకోవచ్చు. తర్వాత చేతులు, మోకాళ్ల మీద నిలిచి ఎదురెదురు చేయి, కాలు చాపే అభ్యాసం చేయవచ్చు. ముందు భాగానికి ఫలకాసనం (ప్లాంక్), పక్కలకు వసిష్ఠాసనం, వెనక భాగానికి శలభాసనం లేదా సేతుబంధాసనం సరిపోతాయి. ఫలకాసనంలో ముంజేతులు, కాలివేళ్ల మీద నిలిచి తల నుంచి మడమ దాకా ఒకే గీతలా ఉండాలి. పిరుదులు కిందికి జారినా, ఊపిరి బిగబట్టినా అప్పుడే ఆపడం మేలు. వణుకుతూ రెండు నిమిషాలు లాగడం కంటే స్థిరంగా ఇరవై సెకన్లు నిలవడం గొప్ప. మయూరాసనం, నౌలి ఈ పునాది పడ్డాకే, తెలిసిన గురువు ఎదుటే మొదలుపెట్టాలి.

ఉడ్డియానం, నౌలి ఖాళీ కడుపుతోనే చేయాలి. గర్భవతులు, అధిక రక్తపోటు, గుండె జబ్బు, కడుపులో పుండు, హెర్నియా, గ్లాకోమా ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. ప్రసవం తర్వాత పొట్ట మధ్య కండరాలు ఎడమైన స్త్రీలు క్రంచెస్ తొందరపడి మొదలుపెట్టకుండా వైద్యుల, ఫిజియోథెరపిస్టుల సలహా తీసుకోవాలి. పొట్ట వ్యాయామాలతోనే సరిపెట్టుకోకుండా వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఆహారం లేకుండా ఈ లెక్క పూర్తికాదు. సగం కడుపు అన్నానికి, పావు నీటికి, మిగిలిన పావు గాలి కదలడానికి వదలాలని ఘేరండ సంహిత చెబుతుంది. మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అని ఇస్లాం హదీసుల్లో ఉంది. వేర్వేరు మతాలు కడుపులో ఊపిరికి చోటు మిగల్చాలన్న ఒకే మాటకు వచ్చాయి. మితాహారం శిక్ష కాదు, దేహం పట్ల మర్యాద. అన్నాన్ని నిందించవద్దని తైత్తిరీయోపనిషత్తు చెప్పినదీ ఈ మర్యాద కోసమే.

దేహాన్ని సాధనంగా చూసేవాడికి వ్యాయామంలో వైఫల్యం ఉండదు. పొట్ట పలచబడవచ్చు, వయసును బట్టి, తత్వాన్ని బట్టి అంతగా పలచబడకపోనూవచ్చు. కానీ వెన్ను నిటారుగా నిలుస్తుంది, ఊపిరి విశాలమవుతుంది, తిన్నది ఒంటబడుతుంది, ఎక్కువసేపు కదలకుండా కూర్చుని ధ్యానం చేయడానికైనా, పిల్లల్ని ఎత్తుకోవడానికైనా, ఇంకొకరికి సాయపడడానికైనా శక్తి చేకూరుతుంది. బలమైన ఉదరం కోరదగినదే. ఆ బలాన్ని దేనికి వాడతారన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది.