పైవస్త్రము తీసి యిచ్చిన స్నేహము

ధ్యానభాగము: 1 సమూయేలు 18:1-4, యోహాను 15:15



ఒకడు పెట్టువాడు, ఒకడు పుచ్చుకొనువాడు అయినప్పుడు ఆ యిద్దరు పురుషులు నిజముగా స్నేహితులు కాగలరా? లేక దానిని ఆశ్రయమనవలెనా?

యోనాతాను రాజకుమారుడు; దావీదు గొఱ్ఱెల కాపరి. దావీదుతో నిబంధన చేసికొన్న యోనాతాను తన పైవస్త్రమును, కత్తిని, విల్లును తీసి అతనికిచ్చెను. అవి అతని హోదాకు గుర్తులు. తన యెత్తు దిగనిదే స్నేహము కుదరదని అతడెరుగును. తుదకు సింహాసనము దావీదుదే యగునని తెలిసియు అసూయపడలేదు (23:17).

మన ప్రాంత సంఘముల చరిత్రలోను ఇట్టి జత యొకటి కలదు. ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారు తాళ్ళకొండపాడు వాస్తవ్యులు, తోలుపని చేసిన మాదిగవారు. వారు 1866లో బాప్తిస్మము పొందిరి. ఆ యేడే జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడిరి. దొరగారిచేత మిషను ధనముండెను. పల్లెల త్రోవలును, జనుల మనస్సును ఎరిగినవారు పేరయ్యగారు. బోధింప వచ్చిన దొరగారే ఆ సంగతులలో నేర్చుకొనవలసి వచ్చెను. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, దానినిచ్చినది దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. పైవస్త్రము తీసి యిచ్చుట యనగా నిట్టిదే. అయినను నిజము చెప్పవలెను: జీతమిచ్చు చేయి దొరలదే గనుక హెచ్చుతగ్గు పూర్తిగా పోలేదు. స్నేహము ఒకనాటితో ముగియు పని కాదు.

మన కురిచేడు సంగతి యేమి? ఒకే బెంచీమీద చదివిన యిద్దరిలో ఒకడు ఉద్యోగమునకు పట్నము పోవును, ఒకడు మిరపచేలో కూలికి నిలుచును. క్రిస్మసుకు వచ్చినవాడు వాని చేతిలో ఐదువందలు పెట్టి కారెక్కును. ఒకప్పుడు "ఒరే" అని పిలిచిన నోరు "అయ్యా, వెళ్ళి రండి" అనును. ధర్మము జరిగినది; స్నేహము చచ్చినది.

ఆ డబ్బిచ్చుటకంటె వాని అరుగుమీద గంటసేపు కూర్చుండుట కష్టము. తన దుఃఖమును వానితో చెప్పుకొని, నాకొరకు ప్రార్థించుమని అడుగుట మరింత కష్టము. అయితే మన ప్రభువు తన శిష్యులను దాసులనక స్నేహితులని పిలిచెను. గెత్సేమనేలో తనతోకూడ మెలకువగా నుండుడని వారినే అడిగెను (మత్తయి 26:38). లోకమునకంతయు ఇచ్చువాడు అడుగుటకు సిగ్గుపడలేదు. మనమేల సిగ్గుపడవలెను?

ప్రార్థన: ప్రభువా, ఇచ్చుటకు మాత్రమే కాక, స్నేహితుని యొద్ద అడుగుటకును మమ్మును తగ్గించుము. ఆమెన్.