తొందరేముంది, అమ్మలూ

ఒంగోలు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాకింకా మింగుడుపడలేదు. "ఏముంది పెదనాన్నా, నిశ్చితార్థానికి ముందు ఆదివారం బాప్తిస్మం తీసుకుంటే అయిపోతుంది, అబ్బాయి వాళ్ళింట్లో అడిగారు" అన్నావు. జాకెట్టు కుట్టడానికిచ్చి వచ్చినంత తేలిగ్గా చెప్పావు. మన ఇంట్లో క్రీస్తును నమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కదా, తోడు దొరికిందని సంబరపడతాననుకున్నావు కాబోలు.

చిన్నప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున నీకు మిషనరీ క్లౌ దొర కథ చెప్పాను. 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె నీకు నోటికొచ్చు. దాని ముందు జరిగింది వినకుండా నీళ్ళలోకి పరిగెత్తావు. ధాత కరువులో దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని మనవాళ్ళకు కూలి ఇప్పించాడు. గంజి పుట్టే చోట బాప్తిస్మం అడిగేవాళ్ళకు కొదవా? జనం అడుగుతూనే ఉన్నారు. ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కరువు పని ముగిసి, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఊళ్ళకు కబురు పంపాకే సరేనన్నాడు. అయినా వచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున ఏట్లో దిగి ఇచ్చారు. వాళ్ళలో గంజి మీద ఆశ మిగిలినవాళ్ళు బొత్తిగా లేరని నేననను. కానీ ఎందుకొచ్చావని అడిగే ఓపిక ఆయనకుంది. నిన్నెవరైనా అడిగారా?

నా సంగతి వేరు. హాస్టలు వాచ్‌మన్ తాతకు చూపు ఆనేది కాదు. రాత్రిళ్ళు మత్తయి సువార్త చదివి పెట్టమనేవాడు. రెండో ఆట చూసొస్తే గేటు తీస్తాడన్న ఆశతో చదివేవాణ్ణి. నాకు కల రాలేదు, వెలుగూ కనపడలేదు. శత్రువును ప్రేమించమన్న చోటికొచ్చేసరికి, బావి దగ్గర మనల్ని అదిలించిన వాళ్ళ మొహాలు గుర్తొచ్చి పుస్తకం విసిరేద్దామనిపించింది. మర్నాడు తాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ అక్కడి నుంచే చదవమన్నాడు. ముసలాడికి అంతా తెలుసు. అలా చాలాకాలం దెబ్బలాడాకే నీళ్ళలో దిగాను.

తర్వాత టీచరు పోస్టు. తాలూకాఫీసు గుమాస్తా మంచివాడే, "హిందూ అని రాసెయ్యవయ్యా, అందరూ చేసేదే" అన్నాడు. నేను రాయలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. మన రాష్ట్రంలో బీసీ-సీలో వేస్తారు, అక్కడున్నది ఒక్క శాతం. పోస్టు పోయింది. అదే ఉత్తర్వులోకి సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో కలుపుకున్నారు, మమ్మల్ని మాత్రం బయటే ఉంచారు. బాప్తిస్మం తీసుకున్నానని బావి దగ్గర నన్నెవరూ రమ్మనలేదు మరి! ఆ కోపం నాకింకా ఉంది, దాన్నలా ఉంచు.

నిజం రాసింది నేను, వెల చెల్లించింది మీ నాయనమ్మ. నాకు ఎయిడెడ్ బళ్ళో ఉద్యోగం దొరికేదాకా పొగాకు గ్రేడింగుకి పోయింది. అక్కడ పట్టిన దగ్గు మళ్ళీ వదల్లేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఏటికి వెళ్ళేముందే ఆమెకి చెప్పాను. చుట్టాలెవరైనా ఎత్తిపొడిస్తే, "నన్నడిగే చేశాడు" అనేది. చివరిదాకా శుక్రవారం దీపం ఆమెది, ఆదివారం మందిరం నాది.

ఇప్పుడేమో నీళ్ళలోంచి లేచి తల తుడుచుకోకముందే వీడియో స్టేటస్‌లోకి ఎక్కుతోంది. సభల ఫ్లెక్సీలో పాస్టరు బొమ్మ నిలువెత్తున, సిలువ ఓ మూలన. వీసా రావాలని ఉపవాస ప్రార్థన. ఇటు చూస్తే, ఎవరైనా నమ్ముకున్నాననగానే "ఎంతిచ్చారేంటి?" అనేవాళ్ళు. అటూ ఇటూ బేరం తప్ప ఇంకోటి తోచదు వీళ్ళకి.

సరే, ఇక విను. పెళ్ళికి బాప్తిస్మం అక్కర్లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. అబ్బాయి వాళ్ళ సంఘం ఒప్పుకోనంటే అది వాళ్ళ నియమం, చట్టం కాదు. అదీ కుదరకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. రిజిస్ట్రారు దగ్గర ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి తేదీలు ఇప్పుడే చూసుకోండి. నువ్వు గ్రూప్స్ రాస్తున్నావు. బాప్తిస్మం తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ అలాగే వాడుకుంటానంటే నేను ఒప్పుకోను, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఉద్యోగానికే ఎసరు. కాబట్టి ఈ ఆదివారం వద్దు. నిజంగా నమ్మితే పెళ్ళయిన ఏడాదికైనా తీసుకోవచ్చు, అప్పుడు నేనే పక్కన నిలబడతాను. ముందు మత్తయి సువార్త చదువు, యూట్యూబు ప్రసంగాలు కాదు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదని నాకు తెలుసు. శనివారం బస్సెక్కి వచ్చి నోటితో చెప్పు, మెసేజీలు పెట్టకు. అబ్బాయిని కూడా తీసుకురా, అన్నం ఇక్కడే. పాస్టరు గారికి వాయిదా సంగతి చెప్పడానికి మొహమాటమైతే ఆయన నంబరు పంపు, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న