చిన్నబడిలో అయ్యవారు

ఒక దేశమునందలి ప్రాథమిక పాఠశాలలలో పురుషోపాధ్యాయులెందరు, మరియొక దేశమున ఎందరు అని ఎంచి చూచుట పైకి లెక్కల గుమాస్తా పనివలె తోచును. కాని ఆ అంకెల వెనుక ఒక ధర్మసందేహము కలదు. పసివానికి మొదటి అక్షరము దిద్దించుట ఎవరి పని?

ఇంగ్లండును, జపానును తీసికొందము. ఇటీవలి లెక్కల ప్రకారము ఇంగ్లండు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో 100 మంది ఉపాధ్యాయులకు పురుషులు సుమారు 15 మంది. జపానులో ఇంచుమించు 37 మంది. ఈ అంతరము మగవారి స్వభావములోని భేదమువలన కలిగినదనుట పొసగదు.

ఇంగ్లండులో 1870 నాటి విద్యాచట్టము తరువాత బడులు విస్తారముగా పెరిగినవి. తక్కువ జీతమునకు స్త్రీలు లభించుటచే వారినే విరివిగా నియమించిరి. పెండ్లియైనచో ఉద్యోగము వీడవలెనను నిబంధన పలుచోట్ల 1944 వరకు నిలిచినది. ఉపాధ్యాయులలో స్త్రీపురుషులకు సమాన వేతనము 1955లో అంగీకృతమై, క్రమక్రమముగా 1961 నాటికి గాని పూర్తిగా అమలుకాలేదు. స్త్రీల వాత్సల్యమును పొగడిన నోళ్లే వారి జీతమును తగ్గించినవి. పని చౌక అని ఒకసారి ముద్రపడిన పిమ్మట మగవాడు దానివంక చూచుట మానివేసెను.

జపానులో 1974లో ఒక ప్రత్యేక శాసనము చేసి, సాధారణ ప్రభుత్వోద్యోగులకంటె ఉపాధ్యాయులకు మెరుగైన వేతనము నిర్ణయించిరి. ఇదియొక్కటే కారణమని మేమనము. కాని చిన్నబడి ఉద్యోగము గౌరవహానికరమని అచ్చటి పురుషుడు ఇంగ్లండువానియంతగా తలంపలేదు. అట్లని జపానును ఆదర్శముగా చేతులెత్తి మ్రొక్కనక్కరలేదు. అచ్చటి ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులలో నాలుగింట మూడు వంతులు నేటికిని మగవారే. ఇంగ్లండులో సైతము, తరగతి గదిలో 15 వంతులైనవారు ప్రధానోపాధ్యాయుల కుర్చీలలో నాలుగవ వంతుకు తక్కువగా లేరు. పలకపట్టునపుడు కనబడని పురుషుడు, పెత్తనము పంచునపుడు తప్పక కనబడుచున్నాడు!

మగపిల్లలు చదువులో వెనుకబడుటకు మగ ఉపాధ్యాయులు లేకపోవుటయే హేతువని కొందరందురు. 2008లో కారింగ్టన్, టిమ్స్, మెరెల్ అను పరిశోధకులు ఇంగ్లండులోని 413 తరగతులను పరిశీలించి, ఈ నమ్మకమునకు ఆధారము కానరాలేదని ప్రకటించిరి. కావున చదువు కొరకు మగవారిని కోరుట నిష్ఫలము. క్రమశిక్షణ కొరకు కోరుట స్త్రీలకు అవమానము. మరి ఎందులకు కోరవలెను? ఏడ్చు బిడ్డను ఊరడించుట, ముక్కు తుడిచి పలక చేతికిచ్చుట మగవాడును చేయదగిన పనియేనని ఆ బిడ్డ కన్నులార చూచుటకు. మాకు తోచిన హేతువిది.

పూర్వము మన వీధిబడిలో అయ్యవారే గతి. తరువాతి కాలమున పంతులు పక్కన అమ్మను చేర్చి పంతులమ్మ యనుకొంటిమి. నేడు పరరాష్ట్రములలో స్థిరపడిన మన ఇండ్లలో కథ తారుమారైనది. వీధిలో తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ; బడిలో ఇంగ్లీషు. తెలుగునకు మిగిలినది వంటింటి గడప. అచ్చట ఓనమాలు దిద్దించునది తల్లి, లేదా అమ్మమ్మ. తండ్రి ఉగాదినాడు వేదికనెక్కి భాషాభిమానమును గూర్చి ఉపన్యసించును. ఆ ఉపన్యాసకులలో మేమును ఉన్నాము.

మా సంఘము ఆదివారములందు నడుపు తెలుగు తరగతిలో బోధించువారు ఐదుగురును స్త్రీలే. కార్యవర్గములో అత్యధికులు పురుషులు. ఈ లెక్క ఎన్నడును మా దృష్టికి రాలేదు. గత సంవత్సరము ఒక తండ్రి, భార్యకు జ్వరమైనందున, ఆమెకు బదులుగా వచ్చి చాపమీద కూర్చుండి గుణింతములు దిద్దించెను. మొదటి రెండు వారములు పిల్లలు అతనిని చూచి నవ్విరి. మూడవ వారము ఆమె కోలుకొని వచ్చినది. పిల్లలు బండి ‘ఱ’ వ్రాయుట చూపుమని అతని కొరకు గుమ్మమువంక చూచుచుండిరి.